కొల్లేరు : నాలుగు ఆవరణముల కూడలి

ఎంతకును తెమలని పనిని, ఎంత చదివినను తరగని జాబితాను తెలుగువారు ‘కొల్లేటి చాంతాడు’ అందురు. లోతు విషయములో ఈ మాట కొల్లేటికి చెల్లదు. వేసవిలో ఆ సరస్సున చాలచోట్ల నడుము లోతు నీరైనను ఉండదు. వెడల్పు విషయములో మాత్రము చెల్లును. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ, ఏలూరునకు దక్షిణమున ఉన్న ఈ మంచినీటి సరస్సు సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తువరకు నిండినపుడు సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియుండును. నీరు మరి 5 అడుగులు పెరిగి 10 అడుగుల మట్టమునకు వచ్చినచో సుమారు 901 చదరపు కిలోమీటర్లను ముంచివేయును. అనగా ఒక మనిషి ఎత్తుకైనను రాని నీరు సరస్సును మూడింతలు చేయుచున్నది.

సమానమైన ఎత్తుగల స్థలములను కలుపుచు పటముపై గీయు రేఖకు కాంటూరు అని పేరు. భూగోళపాఠములో విద్యార్థులకు విసుగు పుట్టించు ఈ మాట కొల్లేటి లంకలలో బడికి పోనివారి నోట కూడ వినబడును. ‘అయిదో కాంటూరు’ ఎక్కడ మొదలగునో అక్కడివారికి బాగుగా తెలియును. వారి చేపల చెరువు నిలుచునా, పోవునా అనునది ఆ గీతమీద ఆధారపడియున్నది.

సరస్సు బొమ్మ గీయుమన్నచో విద్యార్థి ఒక గిన్నెవంటి గుంటను గీసి అందులో నీలిరంగు పూయును. గిన్నె వేరు, నీరు వేరు. నీటిని పారబోసి గిన్నెను కడిగి బోర్లించవచ్చును. కొల్లేటిని అట్లు విడదీయుటకు వీలులేదు. దాని గుంటను నదులు చేసినవి. దాని నీటిని గాలి మోసికొని వచ్చుచున్నది. ఆ నీటిలోని ప్రాణవాయువులో కొంత మొక్కలు విడుచునదే. ఆ మొక్కలు చచ్చి క్రుళ్లి అడుగున చేరి గుంటను కొంచెము కొంచెముగ మార్చుచున్నవి. ఇట్లు ఒకటి కదలినచో తక్కినవి కూడ కదలునట్లు అల్లుకొనియున్న భాగముల కూర్పునకు శాస్త్రములో ‘వ్యవస్థ’ అని పేరు. ఇసుకకుప్పనుండి దోసెడు ఇసుక తీసినను మిగిలినది ఇసుకకుప్పయే. మగ్గమునుండి అచ్చును తీసినచో మిగిలినది మగ్గము కాదు, కొన్ని కర్రలు మాత్రమే. మొదటిది పోగు, రెండవది వ్యవస్థ.

ఒక గ్రుడ్డు పెంకు

కొల్లేటి అంచున, కైకలూరునకు సమీపమున, ఆటపాక అను గ్రామము కలదు. అచట గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ముక్కు క్రింద సంచివంటి తిత్తిగల ఈ పెద్దపక్షినే పెలికన్ అనియు అందురు. దాని గ్రుడ్డు పెంకును పరీక్షించినచో అందులో నూటికి 95 వంతులు కాల్షియం కార్బొనేటు, అనగా సున్నపురాతిలో ఉండు పదార్థమే. పెంకులోని కాల్షియం ఒకప్పుడు ఎగువనున్న కొండలలోను, పీఠభూములలోను శిలారూపమున ఉండెను. ఎండవానలు ఆ శిలలను అరుగదీయగా ఏరులు దానిని ఒండ్రుగాను, కంటికి కనబడని లవణముగాను మోసికొని వచ్చినవి. నీటినుండి అది నత్తలకు, చేపలకు చేరినది. చేపను మ్రింగిన పక్షి ఎముకలకు ప్రాకినది. గ్రుడ్డు పెట్టు కాలమున ఎముకలనుండి కూడ కొంత కరగి పెంకులోనికి వచ్చినది.

పెంకులోని కర్బనముది వేరొక త్రోవ. అది గాలిలో బొగ్గుపులుసు వాయువుగా తిరుగుచుండెను. పచ్చని మొక్క దానిని పట్టి, సూర్యకాంతి సహాయమున ఆహారముగా మార్చినది. చేపల ద్వారా ఆ ఆహారము పక్షి దేహమును చేరి, అక్కడ మెల్లగా దగ్ధమై తిరిగి బొగ్గుపులుసు వాయువు అయినది. ఊపిరితో వెలుపలికి పోవలసిన ఆ వాయువులో కొంత రక్తమునందు నిలిచి, కాల్షియముతో కూడి, పెంకుగా గట్టిపడినది. రాయి, నీరు, గాలి, ప్రాణి అను నాలుగును ఇట్లు ఒక పలుచని పెంకులో కలిసికొనుచున్నవి.

ఈ నాలుగింటికే శాస్త్రజ్ఞులు శిలావరణము, జలావరణము, వాతావరణము, జీవావరణము అని పేర్లు పెట్టిరి. ఆవరణము అనగా చుట్టియుండునది. తెలుగులో ‘వాతావరణము’ అను మాటను భూమిని చుట్టియున్న గాలికిని, ఏ పూటకు ఆ పూట మారు ఎండ, వాన, మబ్బులకును కూడ వాడుచున్నాము. పరీక్ష పత్రములలో కనబడు తప్పులలో కొన్ని ఈ ఒక్క మాటవలన కలుగునవే. ఈ వ్యాసములో దానికి మొదటి అర్థమే గ్రహింపదగును.

ఈ పొరలు ఎంత పలుచనివో ఊహించుట కష్టము. సముద్రపు మిక్కిలి లోతు సుమారు 11 కిలోమీటర్లు. మేఘములు, తుపానులు పుట్టు గాలిపొర భూమధ్యరేఖవద్ద సుమారు 17 కిలోమీటర్ల మందము. ప్రాణులలో అత్యధిక భాగము వసించునది, అన్నియు కలుపుకొన్నను, ఇరువది కిలోమీటర్ల పట్టీలోనే. భూమి వ్యాసము 12,700 కిలోమీటర్లకు పైగా ఉన్నది. భూమిని కాలిబంతి అంత చేసినచో ఆ పట్టీ మిల్లీమీటరులో మూడవవంతు మందముండును. బంతిపై పూసిన రంగు అంత అనుకొనవచ్చును.

ఈ పట్టీలోనికి పదార్థము క్రొత్తగా రాదు. ఉల్కల ధూళి కొంత రాలును, తేలికయైన ఉదజని కొంత పైకి జారిపోవును. అవి లెక్కకు రానంత స్వల్పములు. ఉన్న పదార్థమే చేతులు మారుచుండవలెను. శక్తి సంగతి అట్లు కాదు. అది ప్రతిదినము సూర్యునినుండి వచ్చుచున్నది, వేడిరూపమున ఆకాశములోనికి పోవుచున్నది. పదార్థము తిరుగును, శక్తి సాగిపోవును. ఈ వ్యత్యాసము ఒకటి మనసుకు పట్టినచో తక్కిన పాఠము చాలవరకు తేలికయగును.

గుంట, నీరు, గాలి

సుమారు 6,000 ఏండ్ల క్రిందట బంగాళాఖాతపు తీరము నేటికంటె చాల లోపల, కొల్లేటి దక్షిణపు అంచుకు దగ్గరగా ఉండెనని భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆనాటి తీరపు ఇసుకదిబ్బలు వరిపొలముల నడుమ నేటికిని మిట్టలుగా కనబడును. ఒకవైపు గోదావరియు, మరియొకవైపు కృష్ణయు ఒండ్రు తెచ్చి పోయుచు సముద్రమును వెనుకకు నెట్టుచుండగా, రెండు డెల్టాలకును నడుమ పూడక మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. నేడు సముద్రము అక్కడికి 30 కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నది. గుంట అడుగున నున్న మెత్తని బంకమట్టి ఒకప్పుడు ఎన్నో జిల్లాల ఆవల కొండరాయి. శిలావరణము అనగా కదలని బండ అని తలచుట పొరపాటు. అదియు ప్రవహించును, కాకపోతే మనిషి ఆయుర్దాయము దానిని చూచుటకు చాలదు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు ఏరులును, డెల్టా పొలములనుండి దిగు మురుగు కాలువలును కొల్లేటిలో పడును. వెలుపలికి పోవు దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రమున కలియును. సరస్సు నీరు 5 అడుగుల మట్టమున, అనగా ఒకటిన్నర మీటరు ఎత్తున, ఉన్నదనుకొన్నచో 60 కిలోమీటర్ల దూరములో ఆ నీరు దిగవలసినది ఒకటిన్నర మీటరే. కిలోమీటరునకు రెండున్నర సెంటీమీటర్లు! బొటనవ్రేలి కణుపంత వాలు. కాబట్టి ఉప్పుటేరు ఎప్పుడును తొందరపడదు. వానకాలమున సరస్సులోనికి రోజులలో దిగిన నీరు బయటికి పోవుటకు వారములు పట్టును. పున్నమి, అమావాస్యల పోటులో సముద్రము పొంగినపుడు ఆ నీరు నిలిచిపోవును. వేసవిలో సరస్సు మట్టము తగ్గినపుడు ఉప్పునీరే ఏటివెంట పైకి ఎగబ్రాకును. పేరు పెట్టినవారు ఈ సంగతి ఎరిగినవారే.

సరస్సునకు ఆకాశముతో నున్న బేరము మరింత విచిత్రమైనది. ఆ ప్రాంతమున సంవత్సరమునకు కురియు వాన సుమారు ఒక మీటరు. ఎండకు, గాలికి ఆవిరియగునది సుమారు ఒకటిన్నర మీటరు. తన మీద కురిసినదానికంటె కొల్లేరు ఎక్కువే తిరిగి ఇచ్చుచున్నది. ఆ లోటును ఏరులు పూరింపవలెను. ఏరులలోని నీరు నైరృతి ఋతుపవనముతో జూన్‌నుండి సెప్టెంబరు వరకును, తరువాత అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండములతోను వచ్చును. అనగా సముద్రమునుండి లేచిన ఆవిరి వానయై, ఏరై, సరస్సై, ఉప్పుటేరై, మరల సముద్రమును చేరుచున్నది. మొత్తము భూమిపై నున్న నీటిలో నూటికి 97 వంతులు ఉప్పునీరు. మంచినీటిలో అధికభాగము మంచుగా గడ్డకట్టియున్నది, తక్కినదానిలో ఎక్కువ నేలలోపల ఉన్నది. సరస్సులలో నున్నది మంచినీటిలో నూటికి ఒక వంతు కూడ కాదు. ఆ కొంచెమే ఇన్ని ప్రాణులకు ఇల్లు.

గాలి వాన తెచ్చుటతో ఊరకుండదు. నీటిలో కరగి చేపలకు ఊపిరి ఇచ్చును. అయితే 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల ఒక లీటరు నీటిలో కరగగల ప్రాణవాయువు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అదే లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములు ఉండును. నీటిలో బ్రతుకు ప్రాణికి ఊపిరి ఎంత కరవో దీనినిబట్టి తెలియును. నీరు వెచ్చనైనకొలది ఈ కరవు హెచ్చును. పగలు నాచు, నీటిమొక్కలు ప్రాణవాయువును విడుచును. రాత్రి విడువవు సరికదా, తామును పీల్చును. అందువలననే తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరచుట కానవచ్చును. కొరమీను, మార్పు, ఇంగిలాయి మొదలగు చేపలు ఈ కరవునకు తట్టుకొనుటకు నేరుగా గాలినే పీల్చు అవయవములను సంపాదించుకొన్నవి. సంతలో నీరు లేని బుట్టలో గంటలకొలది కొరమీను బ్రతికియుండుట ఈ కారణముననే. కొల్లేటివంటి లోతులేని వెచ్చని నీళ్లలో ఈ చేపలు వర్ధిల్లుటలో వింత ఏమియు లేదు.

మెట్లు

‘జీవావరణము’ అను భావమునకు పేరు పెట్టినవాడు ఆస్ట్రియా దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూయెస్, 1875లో. దానికి నిండైన అర్థము కల్పించినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ వెర్నాద్‌స్కీ. ఆయన గ్రంథము 1926లో వెలువడెను. ప్రాణులు భూమిమీద కాపురముండు అద్దెదారులు కావనియు, భూమి రూపమును మార్చు బలములలో అవియు ఒకటియనియు ఆయన వాదించెను. ఆయన మాటకు సాక్ష్యము కొల్లేటి నీటిలోనే ఉన్నది. అందులో పెరుగు నీలి ఆకుపచ్చ శైవలముల పూర్వబంధువులు విడిచిన ప్రాణవాయువుతోనే, సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట, భూమి వాతావరణము మారుట మొదలిడెను. నేడు గాలిలో నూటికి 21 వంతులున్న ప్రాణవాయువు ప్రాణులు చేసినదే. ప్రాణులు లేనిచో అది ఇనుముతోను, ఇతర ధాతువులతోను కలిసిపోయి, క్రమముగా గాలినుండి మాయమగును.

జీవముయొక్క కూర్పును పాఠ్యగ్రంథములు మెట్లుగా చూపును: కణము, కణజాలము, అవయవము, జీవి, జనాభా, జీవసంఘము, ఆవరణవ్యవస్థ, చివరకు జీవావరణము. విద్యార్థులు ఈ వరుసను వల్లెవేయుదురు. కాని మెట్లు ఎందుకు కావలసివచ్చెనో చెప్పనిదే ఆ వల్లెకు అర్థము లేదు. అన్ని జీవులకు అన్ని మెట్లును లేవు అనునది కూడ చెప్పవలసియున్నది. కొల్లేటి నీటిచుక్కలో తేలు డయాటము ఒక్క కణమే. దానికి అవయవములు లేవు, కణజాలము లేదు. అదే కణము, అదే జీవి. గాజువంటి పెట్టెలో ఒంటరిగా కాపురము చేయుచు కిరణజన్య సంయోగక్రియ జరుపుకొనును.

మెట్లు ఎందుకనగా, ఒక్కొక్క మెట్టువద్ద ఒక్కొక్క క్రొత్తప్రశ్న పుట్టును. దానికి జవాబు క్రింది మెట్టున దొరకదు. దీనికి కొల్లేటి గూడబాతుల కథయే నిదర్శనము. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతమున గూడబాతులు గూళ్లు కట్టు తావును కనుగొనెను. అప్పుడు అక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్లు పెట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ తావు శూన్యమయ్యెను. ఎందువలన? పక్షిని కోసి గుండెను, ఊపిరితిత్తులను చూచిన దీనికి జవాబు రాదు. ప్రతిపక్షియు ఆరోగ్యముగ ఉండియుండవచ్చును. పుట్టునవెన్ని, చచ్చునవెన్ని, వచ్చునవెన్ని, విడిచి పోవునవెన్ని అను లెక్కలు జనాభాకు ఉండును గాని ఒక పక్షికి ఉండవు. ఒక పక్షికి ‘జననరేటు’ అనునది లేదు.

జనాభా లెక్కలు కూడ సగము జవాబే. గూళ్లు కట్టుటకు చెట్లు కావలెను, మేతకు చేపలు కావలెను, చేపలకు నీరు, నాచు కావలెను. ఒకచోట బ్రతుకు వివిధజాతుల జనాభాలు కలిసి జీవసంఘము అగును. కొల్లేటి సంఘములో తామర, కలువ, తుంగ, జమ్ము ఉన్నవి. నత్తలు, రొయ్యలు, చేపలు, కప్పలు, పాములు ఉన్నవి. శీతకాలమున ఉత్తరదేశములనుండి వలసవచ్చు బాతులు ఉన్నవి. పిలువని చుట్టము గుర్రపుడెక్క కూడ ఉన్నది. దక్షిణ అమెరికానుండి అందమైన పూవుకొరకు తెచ్చిన ఈ మొక్క నీటిపై చాప పరచినట్లు అల్లుకొని, వెలుతురును క్రిందికి పోనీయదు. వెలుతురు లేనిదే నీటిలోపలి నాచు బ్రతుకదు; నాచు లేనిదే నీటిలో ప్రాణవాయువు తరుగును; క్రుళ్లిన డెక్క మిగిలిన ప్రాణవాయువును కూడ హరించును. మొక్క ఒక్కటి వచ్చినచో సంఘమంతయు తలక్రిందులగుట ఇట్లు.

సంఘమునకు మట్టిని, నీటిని, గాలిని, వెలుతురును కలిపి ఒక్కటిగా చూచినపుడు అది ఆవరణవ్యవస్థ. ఈ మాటకు మూలమైన ‘ఇకోసిస్టమ్’ పదమును 1935లో ప్రచురించినవాడు ఇంగ్లండునకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ. అంతకు చాల ముందే, 1887లో, అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున స్టీఫెన్ ఫోర్బ్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, సరస్సు తనలో తాను ఒక చిన్న ప్రపంచమని ఉపన్యసించెను. ఈ శాస్త్రము సరస్సులవద్ద పెరుగుటకు తగిన కారణము ఉన్నది. అడవికి అంచు ఎక్కడనో చెప్పుట కష్టము. సరస్సునకు గట్టు ఉండును. లోనికి వచ్చునది, బయటికి పోవునది కొలుచుకొనవచ్చును.

అట్లు కొలిచినవారిలో చెప్పుకొనదగినవాడు రేమండ్ లిండెమన్. మినెసోటా రాష్ట్రమున సెడార్ బాగ్ అను చిన్నసరస్సు ఒకటి కలదు. దానిలో ఏ ప్రాణి ఏ ప్రాణిని తినుచున్నదో, ఏ మెట్టువద్ద ఎంత శక్తి నిలుచుచున్నదో ఈ యువకుడు అయిదేండ్లు శ్రమపడి లెక్కకట్టెను. పత్రికకు పంపిన వ్యాసమును పరిశీలకులు తొలుత వద్దనిరి; సిద్ధాంతము హెచ్చు, ఆధారములు తక్కువ అనిరి. తరువాత దానిని అంగీకరించి 1942లో ప్రచురించిరి. అది అచ్చులో వచ్చునాటికి లిండెమన్ లేడు. అదే సంవత్సరము వేసవిలో, 27వ ఏట, కాలేయవ్యాధితో మరణించెను. నేడు ప్రపంచమంతట పాఠశాలలలో నేర్పు ఆహారపు మెట్ల లెక్కకు పునాది ఆ వ్యాసమే.

ఆ లెక్కను స్థూలముగా కొల్లేటికి వర్తింపజేయవచ్చును. పచ్చనిమొక్క పట్టిన శక్తిలో దానిని తినిన ప్రాణికి చేరునది సుమారు పదవవంతు. తక్కినది ఊపిరికి, కదలికకు, వేడికి ఖర్చగును. కొంత తినబడకయే మిగులును. నీటిలో తేలు వృక్షప్లవకములను జంతుప్లవకములు తినును, వాటిని చిన్నచేపలు తినును, చిన్నచేపలను పెద్దచేపలు, పెద్దచేపలను గూడబాతు. ఒక కిలోగ్రాము గూడబాతు శరీరమునకు 10 కిలోగ్రాముల పెద్దచేప, 100 కిలోగ్రాముల చిన్నచేప, 1,000 కిలోగ్రాముల జంతుప్లవకములు, 10,000 కిలోగ్రాముల వృక్షప్లవకములు కావలెను. పక్షి బరువు సుమారు 5 కిలోగ్రాములు! పదవవంతు అనునది విధి వ్రాసిన సంఖ్య కాదు. ఒకచోట నూటికి అయిదు, మరియొకచోట ఇరువది ఉండవచ్చునని తరువాతి పరిశోధనలు చూపినవి. పక్షి చిన్నచేపను నేరుగా పట్టినచో ఒక మెట్టు తగ్గును. ఎట్లు చూచినను వేలకొలది గూడబాతులు బ్రతుకుటకు కొన్ని చెట్లు, కొన్ని చేపలు చాలవు, ఎండపడు విశాలమైన నీటిపరపు కావలెను. 308 చదరపు కిలోమీటర్లు ఎందుకు కావలెనను ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది.

శక్తి ఇట్లు మెట్టుమెట్టునకు తరిగిపోవుచుండగా పదార్థము తిరిగివచ్చును. పక్షుల రెట్టలోని నత్రజని, భాస్వరము నీటిలో పడి నాచునకు ఎరువగును. చచ్చిన ప్రాణిని సూక్ష్మజీవులు విప్పి, ఏ పదార్థము ఎక్కడిదో అక్కడ అప్పగించును. మన కంటికి కనబడని ఈ పాకీపనివారు ఒక సంవత్సరము పని మానినచో కొల్లేరు కళేబరములతో నిండిపోవును.

గట్లు

1970వ దశాబ్దమునుండి కొల్లేటిలో చేపల చెరువులు పెరుగజొచ్చెను. మొదట కొన్నింటిని ప్రభుత్వమే సహకార సంఘములద్వారా ప్రోత్సహించెను. వరదకు, వేసవికి నడుమ వలతోను, మావులతోను బ్రతుకు ఈడ్చుకొను బెస్తలకు అది ఒక దారి చూపునని ఆశించిరి. వ్యవస్థదృష్టితో చూచినపుడు జరిగినది ఇది: గట్టు కట్టి నీటిని ముక్కలు చేసిరి. గట్టులోపల బొచ్చె, శీలావతి చేపలకు తవుడు, తెలకపిండి, ఎరువు వేసి పెంచిరి. దిగుబడి హెచ్చెను, కొల్లేటి చేప మంచుపెట్టెలలో బెంగాలుకు, అస్సాముకు పోయెను. పదార్థము బయటినుండి తెచ్చి పోసినచో అదెక్కడనో చేరవలెను గదా. మిగిలిన మేత, ఎరువు చెరువు నీటితో సరస్సులోనికి దిగి నాచును, డెక్కను ఎడాపెడా పెంచినవి. గట్లు నీటిదారికి అడ్డుపడినవి. కిలోమీటరునకు రెండున్నర సెంటీమీటర్ల వాలులో నడచు నీటికి మోకాలి ఎత్తు గట్టు కూడ కోటగోడయే.

ప్రభుత్వము 1999లో 5 అడుగుల కాంటూరువరకు సరస్సును వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరెను. 2006లో, సుప్రీంకోర్టు ఆదేశములను అనుసరించి, ఆ కాంటూరులోపలి చెరువుల గట్లను తెంపివేసిరి. ఆ పిమ్మట కొన్ని మరల లేచినవి. కాంటూరును 3 అడుగులకు తగ్గింపవలెనను కోరిక కూడ వినవచ్చినది. గట్టుమీద ఆధారపడిన కుటుంబములకు ఇది కూటి సమస్య. దానిని చులకన చేయుట న్యాయము కాదు. అయినను కాంటూరు కలముతో గీసిన గీత కాదు. రెండడుగులు దించినచో పటముపై స్వల్పముగ కనబడును; ఇంచుమించు పళ్లెమువంటి నేలపై అది ఎన్నో చదరపు కిలోమీటర్ల నీటిచోటు.

ఆ చోటు తగ్గినప్పుడు నష్టము పక్షులకు మాత్రమే కాదు. కొల్లేరు వరదకు ఉగ్గబట్టు సంచి. ఏరులు తెచ్చిన నీటిని ఆపి, ఉప్పుటేరు మోయగలిగినంత మాత్రమే వదలుచుండును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడలో అనేక పేటలు మునిగెను. ఆ వరదకు కొల్లేటి గట్లే కారణమనుట అతిశయోక్తి. కొద్దిరోజులలో కురిసిన కుంభవృష్టి, ఏటిదారిలో కట్టిన ఇండ్లు, తెగిన కట్టలు ముందు చెప్పవలసినవి. కాని బుడమేరు సహజముగా చేరవలసిన చోటు కొల్లేరే. క్రింది సంచిలో చోటు లేనిచో పై ఏరు నిదానముగ దిగదు.

గూడబాతులు తిరిగివచ్చినవి. ఆటపాకవద్ద చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నాటించిరి. పక్షులు వాటిపై పుల్లలు పేర్చి గూళ్లు కట్టుచున్నవి. ఇనుపమంచె చెట్టుకు బదులు కాగలిగినది. చేపకు, ఎండపడు నీటిపరపునకు బదులు కాగల వస్తువును ఇంకను ఎవరును చేయలేదు.

ఈ లెక్కలో మరియొక అంకె చేర్చవలసియున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును 1958లో హవాయి ద్వీపమున క్రమముగా కొలుచుట మొదలిడినపుడు అది పదిలక్షలకు 315 వంతులుండెను. నేడు 420 వంతులు దాటినది. భూమి ఆ మేరకు వెచ్చబడి, మంచు కరగి, సముద్రజలము వ్యాకోచించి, 1900 ప్రాంతమునుండి నేటివరకు ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. తీరమున నిలుచున్నవానికి అది జానెడైనను కాదు. ఉప్పుటేటికి మాత్రము 20 సెంటీమీటర్లనగా తన 60 కిలోమీటర్ల దారిలో ఎనిమిది కిలోమీటర్ల వాలు. వేసవి పోటున ఉప్పునీరు ఎక్కడివరకు వచ్చుచున్నదో ఏటిగట్టున మంచినీటి బావులున్నవారు ఏటేట గమనించుచునే యున్నారు.